కర్ర తిన్నగానే ఉంది... విమానమే పక్కకు పోతోంది!

గుంటూరు : "మామయ్యా! నా చేతికి నిలకడ లేదు. పైలట్ పరీక్ష మాట ఇక మర్చిపోవడమే మంచిది."

ఈ మాట అన్నది మా అక్క కొడుకు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఎన్.డి.ఎ. పరీక్షకు తయారవుతున్నాడు. ఇంట్లో కంప్యూటరు మీద విమానం నడిపే ఆట, అంటే ఫ్లైట్ సిమ్యులేటర్ పెట్టుకున్నాడు. వాళ్ళ అమ్మమ్మ ఇచ్చిన పండగ డబ్బులూ, తను దాచుకున్నవీ కలిపి 15 వేల రూపాయలు పోసి జాయ్‌స్టిక్, థ్రాటిల్ జత ఒకటి కొన్నాడు. రెండు వారాల పాటు రాత్రిళ్ళు దాని ముందే కూర్చున్నాడు. విమానం నేల వదిలింది మొదలు ఎడమ రెక్క వాలిపోతుంది. కర్రను కుడివైపు నొక్కి పట్టుకుంటే తిన్నగా పోతుంది గానీ పది నిమిషాలకు మణికట్టు లాగేస్తుంది. దింపబోయే వేళకు ముక్కు పైకీ కిందికీ గంతులు వేస్తుంది. చివరకు రన్‌వే పక్క పొలాల్లో మంటలు. ఇలా ఎన్నిసార్లో లెక్క లేదు.

పట్నం బజారులో కొట్టు ఉన్న మా బావగారు దీన్ని మరో కోణంలోంచి చూశారు. "ఏమోయ్, ఆ కర్రకు సగం ధరైనా వస్తుందేమో కనుక్కో. వీడి చదువు పాడవుతోంది" అన్నారు.

డబ్బు సంగతి అలా ఉంచండి. కుర్రవాడి భయంలో అర్థం ఉంది. వైమానిక దళంలో విమానం నడిపే శాఖకు వెళ్ళదలచినవారు ఎంపిక బోర్డు దగ్గర సీపీఎస్ఎస్ అనే కంప్యూటరు పరీక్షకు కూర్చోవాలి. కన్ను, చేయి, కాలు కలిసి ఎంత నేర్పుగా పనిచేస్తాయో అందులో చూస్తారు. మిగతా పరీక్షలు తప్పితే మళ్ళీ రాసుకోవచ్చు. ఇందులో తప్పితే మాత్రం జన్మలో రెండోసారి కూర్చోనివ్వరు. ఇంట్లో ఆడుకునే ఆట ఆ పరీక్షకు సాటిరాదు, నిజమే. కానీ తన చేయి పనికిరాదని ముందే తీర్మానించుకున్న పిల్లవాడు ఆ గదిలోకి ఏ ధైర్యంతో అడుగుపెడతాడు?

అందుకని చేతి సంగతి తేల్చేముందు కర్ర సంగతి తేల్చుదామని కూర్చున్నాం. రెండు సాయంత్రాలు పట్టింది. తేలినదేమిటంటే తప్పు చేతిదీ కాదు, కర్రదీ కాదు. కర్రకూ ఆటకూ మధ్య ఉన్న సెట్టింగులది. మన జిల్లాలో ఇలాంటి కర్రలు కొని, నాలుగు రోజులకే అటక ఎక్కించిన పిల్లలు చాలామంది ఉంటారు. వారికోసం ఈ వివరాలు.

మిగ్-21తో మొదలు

మావాడు ఎంచుకున్న విమానం మిగ్-21. డీసీఎస్ వరల్డ్ అనే సిమ్యులేటరులో మిగ్-21 బిస్ రకం 2014 నుంచి దొరుకుతోంది. ఈ సిమ్యులేటరు అసలు భాగం ఉచితమే. దానితోపాటు సుఖోయ్-25టీ అనే జెట్ విమానం కూడా ఊరికే వస్తుంది. మిగతావి చాలావరకు కొనుక్కోవాలి. కొత్తవారు డబ్బు పెట్టకుండా సుఖోయ్-25టీతో చేయి తిప్పుకోవడం తెలివైన పని. కానీ మావాడికి మిగ్ మీదే మనసు. 1963లో మన వైమానిక దళంలో చేరి, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకున్న విమానం అది. 62 ఏళ్ళ కొలువు. నాసిక్‌లో దాని ఒళ్ళు, కోరాపుట్‌లో ఇంజను, మన హైదరాబాదు బాలానగర్‌లో ఎలక్ట్రానిక్ సామగ్రి తయారయ్యేవి. ఆ బాలానగర్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు మా వీధిలోనే ఉంటారు. రెండో సాయంత్రం ఆయన కూడా వచ్చి కూర్చున్నారు. ఆయన మాటలు తర్వాత చెబుతాను.

అసలు విమానంలో కుడిచేతిలో కర్ర ఉంటుంది. ముందుకు నెడితే ముక్కు దిగుతుంది, వెనక్కి లాగితే లేస్తుంది. పక్కలకు వంచితే రెక్కలు వాలుతాయి. ఎడమచేతి కింద థ్రాటిల్ ఉంటుంది. అది ఇంజను జోరు పెంచే లివరు. పాదాల కింద రడ్డర్ పెడళ్ళు. మనం కొనే జతల్లో చాలావాటికి పెడళ్ళు ఉండవు. కర్రనే బొంగరంలా మెలితిప్పితే రడ్డర్ పనిచేస్తుంది. లేదా థ్రాటిల్ మీద వేళ్ళకు అందేట్టు చిన్న మీట ఉంటుంది. యుద్ధ విమానాల్లో మీటలన్నీ ఈ రెండు పిడుల మీదే అమర్చి, చేతులు తీయకుండానే సమస్తం నడిపే పద్ధతికి 'హోటాస్' అని పేరు. దుకాణాల్లో ఈ జతలను కూడా ఆ పేరుతోనే అమ్ముతారు.

ముందు విండోస్‌ను అడగండి

ఆటలోకి పోకముందే చూడవలసింది ఒకటుంది. కంప్యూటరులో రన్ పెట్టె తెరిచి 'జాయ్ డాట్ సీపీఎల్' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే, తగిలించిన కర్రల జాబితా వస్తుంది. ప్రాపర్టీస్ నొక్కితే చిన్న చతురస్రంలో ఒక గుర్తు కనిపిస్తుంది. కర్రను వదిలేసినప్పుడు ఆ గుర్తు నడిమధ్యలో నిలవాలి. నాలుగు మూలలకూ తిప్పినప్పుడు నాలుగు మూలలకూ పోవాలి. థ్రాటిల్ గీత అడుగు నుంచి పైదాకా ఎక్కడా ఎగరకుండా నిండాలి.

గుర్తు నడుమ నిలవక వణుకుతోందంటే కర్ర లోపలి పొటెన్షియోమీటరు అరిగిందన్నమాట. పాత రేడియోలో వాల్యూం మర తిప్పితే బరబరమని చప్పుడు వచ్చేది గుర్తుందా? ఇదీ ఆ జాతిదే. కార్బన్ పూత మీద ఓ ముల్లు రాసుకుంటూ తిరుగుతుంది. దుమ్ము పట్టినా, పూత అరిగినా అంకెలు గంతులేస్తాయి. మంచి రకాల్లో దీని బదులు అయస్కాంతం, హాల్ సెన్సారు పెడతారు. 1879లో ఎడ్విన్ హాల్ అనే అమెరికన్ కనిపెట్టిన సూత్రం అది. రాపిడి లేదు కనుక అరుగుదల లేదు. అయితే కొన్ని కర్రల్లో ముందువెనకలకూ పక్కలకూ హాల్ సెన్సారు పెట్టి, మెలితిప్పే చోట మాత్రం పాత పొటెన్షియోమీటరే ఉంచుతారు. కొనేటప్పుడు ఈ సంగతి అడగండి.

గుర్తు వణక్కుండా, ఊరికే పక్కకు తొలగి ఉంటే కాలిబ్రేషన్ చేస్తే సరిపోతుంది. తయారీదారు తన సొంత కాలిబ్రేషన్ సాధనం ఇచ్చి ఉంటే అదే వాడాలి, విండోస్‌ది ముట్టుకోకపోవడం మేలు. యూఎస్‌బీ తీగను చవకబారు హబ్బుకు కాకుండా నేరుగా కంప్యూటరుకే తగిలించండి. ఏ రంధ్రంలో పెట్టారో అందులోనే ఎప్పుడూ పెట్టండి. రంధ్రం మారితే కొన్ని పరికరాలను ఆట కొత్త పరికరం అనుకుంటుంది. మీరు రాత్రంతా కూర్చుని చేసిన అమరిక కనిపించకుండా పోతుంది.

మావాడి కర్రలో ఈ దోషాలేవీ లేవు. చతురస్రం మధ్యలో గుర్తు గుడి ముందు ధ్వజస్తంభంలా నిలబడింది. "చూశావా, కర్ర మంచిదే. నా చెయ్యే..." అన్నాడు వాడు మళ్ళీ.

ఒక ఎద్దుకు ఇద్దరు తోలేవాళ్ళు

దొంగ దొరికింది ఆట లోపలి కంట్రోల్స్ పేజీలో.

డీసీఎస్‌కు ఒక అలవాటు ఉంది. కొత్త పరికరం ఏది తగిలించినా, అడక్కుండానే దానికి కొన్ని పనులు అప్పజెబుతుంది. కర్రకు అప్పజెప్పిన పనినే థ్రాటిల్ మీది చక్రానికీ, పెడళ్ళకూ, ఆఖరికి పక్కన పడి ఉన్న గేమ్‌ప్యాడుకూ అప్పజెప్పేస్తుంది. ఆప్షన్స్‌లో కంట్రోల్స్ తెరిచి, ఎడమ పక్కన మీ విమానం పేరు ఎంచుకుని, పైన యాక్సిస్ కమాండ్స్ పెడితే పట్టిక వస్తుంది. ఒక్కో వరుస ఒక్కో పని. ఒక్కో నిలువు గడి ఒక్కో పరికరం. మావాడి పట్టికలో రెక్కలు వాల్చే 'రోల్' వరుసలో రెండు గడులు నిండి ఉన్నాయి. కర్ర గడి నిండి ఉండాలి కనుక ఉంది. థ్రాటిల్ గడి కూడా నిండి ఉంది. థ్రాటిల్ పిడి మీద బొటనవేలి దగ్గర చిన్న చక్రం ఒకటుంది. దాన్ని మావాడు ఏనాడూ ముట్టుకోలేదు. అది ఎడమ పక్కకు కాస్త తిరిగి ఉండిపోయింది. వాడు కుడికి లాగుతుంటే ఆ చక్రం ఎడమకు లాగుతోంది. రెండు వారాల మణికట్టు నొప్పికి కారణం ఇది!

ఒక ఎద్దును ఇద్దరు చెరో పగ్గం పట్టుకుని తోలితే ఏమవుతుందో ఇక్కడా అదే అయింది. రోల్, పిచ్, రడ్డర్, థ్రస్ట్ అనే నాలుగు వరుసల్లో ఒక్కో గడి మాత్రం ఉంచి తక్కినవన్నీ చెరిపేశాం. క్లియర్ అని మీట ఉంటుంది. ఇది ఒక్కసారి చేస్తే చాలదు. విమానం విమానానికీ విడిగా చేయాలి. ఎందుకంటే ఆట ప్రతి విమానానికీ వేరే పట్టిక పెట్టుకుంటుంది. కొత్త విమానం ఎక్కినా, కొత్త పరికరం తగిలించినా మొదటి పని ఈ పట్టిక చూడడమే.

రెండో సాయంత్రం బాలానగర్ పెద్దాయన ఈ కథ విని నవ్వారు. "విమానం ఎక్కిన ప్రతి పైలటూ ఇంజను వేసి బయల్దేరే ముందు కర్రను చివరంటా నాలుగు దిక్కులా తిప్పి చూసుకుంటాడు, బాబూ. అడ్డం లేకుండా తిరుగుతోందా, తిప్పిన దిక్కుకే పోతోందా అని. మీరు ఇంట్లో కుర్చీలో కూర్చుని అదొక్కటి మానేశారు" అన్నారు. ఆటలో కూడా బయటి దృశ్యం పెట్టుకుని కర్ర తిప్పితే తోకా రెక్కలూ కదలడం కనిపిస్తుంది. కర్ర వదిలినప్పుడు అవి తిన్నగా రాకపోతే ఎక్కడో రెండో తోలేవాడు ఉన్నాడన్నమాట.

జానెడు కర్రకు వంపు కావాలి

రెక్క వాలడం ఆగింది. ముక్కు గంతులు ఆగలేదు.

మావాడు ఎవరిదో వీడియో చూసి, అందులోని అంకెలు యథాతథంగా ఎక్కించాడు. డెడ్‌జోన్ 15, కర్వ్ 40. ఆ వీడియో ఆయన కర్ర ఏమిటో, కుర్చీ ఏమిటో ఎవరికి తెలుసు? పొరుగింటాయన కళ్ళజోడు పెట్టుకున్నట్టే ఇది కూడా.

డెడ్‌జోన్ అంటే కర్ర నడిమధ్య నుంచి కొంతమేర కదిపినా విమానం పట్టించుకోని జాగా. పాత అంబాసిడర్ స్టీరింగుకు 'ప్లే' ఉండేది చూడండి, అలాంటిది. వణికే పొటెన్షియోమీటరుకు అది మందు. నిక్కమైన కర్రకు అదే జబ్బు. 15 పెడితే, కాస్త కదిపితే ఏమీ జరగదు, ఇంకాస్త కదిపితే ఒక్కసారిగా ముక్కు లేస్తుంది. కంగారుపడి వెనక్కి తెస్తాం, మళ్ళీ చచ్చు జాగాలో పడతాం. ఇవే ఆ గంతులు. కర్ర నిలకడగా ఉంటే సున్న పెట్టండి. కాస్త వణికితే 2, 3 చాలు. మెలితిప్పే రడ్డరుకు మాత్రం 5 దాకా పెట్టవచ్చు. కర్రను పక్కకు వంచేటప్పుడు తెలియకుండానే మణికట్టు కాస్త మెలిపడుతుంది మరి.

ఇక కర్వ్. ఇది తెలిస్తే సగం విద్య వచ్చినట్టే. మిగ్‌లో కర్ర నేల మీంచి మోకాళ్ళ మధ్యకు లేచిన పొడుగాటి కర్ర. మన బల్ల మీది కర్ర జానెడు. ఏతానికి దూలం పొట్టిదైతే ఎంత కష్టమో, ఇక్కడా పొట్టితనంతోనే చిక్కు. పొడుగు కర్రను నాలుగు వేళ్ళ మందం కదిపితే వచ్చే ఫలితం, జానెడు కర్రను వేలి మందం కదిపితేనే వచ్చేస్తుంది. అంత సన్నగా చేతిని కదపడం ఎవరి తరమూ కాదు. కర్వ్ పెడితే నడుమ భాగం మందగిస్తుంది, అంచులకు పోయేకొద్దీ చురుకవుతుంది. చివరంటా లాగితే వచ్చే ఫలితం మాత్రం తగ్గదు. మధ్యలో పొదుపు చేసినది చివర ఖర్చు పెట్టాలి కనుక, అంకె మరీ పెంచితే అంచుల దగ్గర విమానం కొరడాతో కొట్టినట్టు అదిరిపడుతుంది. మిగ్‌కు ముందువెనకలకు 20, పక్కలకు 15 పెట్టి చూశాం. మావాడి చేతికి నప్పింది. మీకు 10 నప్పవచ్చు, 25 నప్పవచ్చు. అంకె మార్చిన ప్రతిసారీ ఒకే పని చేసి పోల్చుకోవాలి. ఒకే ఎత్తులో, ఒకే వేగంతో 5 నిమిషాలు తిన్నగా పోవడం మంచి పరీక్ష.

తమాషా ఏమంటే అసలు మిగ్-21లోనే ఇలాంటి ఏర్పాటు ఒకటి ఉంది. ఏఆర్‌యూ అనే యంత్రం వేగాన్నీ ఎత్తునూ బట్టి, కర్ర కదిలినదానికి తోక ఎంత కదలాలో తనే మారుస్తుంది. జోరుగా పోయేటప్పుడు తగ్గిస్తుంది, దిగేటప్పుడు పెంచుతుంది. ఎఫ్-16, ఎఫ్-18 వంటివాటిలో కర్రకూ రెక్కకూ మధ్య కంప్యూటరే కూర్చుని ఉంటుంది. వాటికి ఇంట్లో పెట్టే కర్వ్ తక్కువ చాలు. ఎఫ్-16 తొలి నమూనాల్లో కర్ర అసలు కదిలేదే కాదు, చేతి ఒత్తిడిని మాత్రం కొలిచేది. పైలట్లకు అలవాటు పడక తర్వాత కొద్దిగా కదిలేట్టు చేశారు. కొమ్ములు తిరిగిన పైలట్లకే కర్ర నప్పడం దగ్గర ఇంత పేచీ ఉంటే, మావాడు రెండు వారాలు అవస్థపడడం వింతా?

అదే పేజీలో శాచురేషన్ ఎక్స్, శాచురేషన్ వై అని మరో రెండు గీతలుంటాయి. థ్రాటిల్ చివరంటా నెట్టినా ఇంజను పూర్తి జోరు అందుకోకపోతే ఎక్స్‌ను 95కు తగ్గించండి. లివరు చివరకు చేరకముందే ఆటకు నూరూ అందుతాయి. వైని మాత్రం ముట్టుకోకండి. అది తగ్గిస్తే మీరు ఎంత లాగినా విమానం కొంతవరకే వింటుంది. ఆపదలో కర్ర పూర్తిగా లాగాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది దాని మహత్తు.

ఎడమచేతి కింద నిప్పు

థ్రాటిల్‌కు డెడ్‌జోనూ వద్దు, కర్వూ వద్దు. దానికి నడుమ అనేది లేదు, కింది నుంచి పైకే. అందుకని ఆ పేజీలో 'స్లైడర్' అనే గడికి టిక్కు పెట్టాలి. లివరు ముందుకు నెడితే జోరు తగ్గుతుంటే 'ఇన్వర్ట్' పెట్టాలి. జంట లివర్ల థ్రాటిల్ కొన్నవారు మిగ్ లాంటి ఒంటి ఇంజను విమానానికి ఒక్క లివరే తగిలించాలి. రెండూ తగిలిస్తే మళ్ళీ ఎద్దు కథే.

జెట్ విమానంలో అసలు గమ్మత్తు లివరు పై చివర ఉంది. మామూలు జోరు అయిపోయాక ఒక మెట్టు దాటితే ఆఫ్టర్‌బర్నర్ అంటుకుంటుంది. ఇంజను వెనక గొట్టంలోకి మళ్ళీ ఇంధనం చిమ్మి మండిస్తుంది. వెనక నిప్పు తోక కనిపించేది అందుకే. జోరు బాగా పెరుగుతుంది. ఇంధనం నీళ్ళప్రాయమవుతుంది. మిగ్ టాంకులు అసలే చిన్నవి. తెలియకుండా ఆ మెట్టు దాటి ఉండిపోతే ఇంటికి చేరలేం.

మంచి థ్రాటిళ్ళకు ఆ మెట్టు చేతికి తగిలేట్టు చిన్న గట్టు ఉంటుంది. ఏ-10 విమానం పిడులను అచ్చంగా పోసి 2010లో వచ్చిన థ్రస్ట్‌మాస్టర్ వార్ట్‌హాగ్ లాంటివి ఈ కోవలోవి. కానీ చేతికి గట్టు తగిలే చోటూ, ఆటలో నిప్పు అంటుకునే చోటూ ఒకటి కావు. ఒకటి చేసుకోవాలి. పద్ధతి ఇది. లివరును గట్టుకు ఆనించండి. యాక్సిస్ ట్యూన్ పేజీలో అప్పుడు ఎంత అంకె చూపిస్తోందో కాగితం మీద రాసుకోండి. తర్వాత విమానంలో కూర్చుని, బయటి దృశ్యంలో వెనక గొట్టం చూస్తూ లివరు మెల్లగా నెట్టండి. నిప్పు అంటుకున్న చోట ఆగి ఆ అంకె కూడా రాసుకోండి. ఇప్పుడు 'యూజర్ కర్వ్' అనే గడికి టిక్కు పెడితే గీత పొడుగునా పదకొండు గుంజలు పాతినట్టు చిన్న గీతలు వస్తాయి. మొదటి అంకె దగ్గర గుంజను రెండో అంకెకు కొంచెం కిందకు తెచ్చి, మిగతావి దాని వరుసలో సర్దండి. గట్టు దాటితే నిప్పు, దాటకపోతే లేదు. కన్ను తెర మీద నుంచి తీయనక్కర లేదు. గట్టు లేని థ్రాటిల్ అయితే లివరు పక్కన స్కెచ్ పెన్నుతో గీత గీసినా పనవుతుంది. మావాడికి అలానే గీశాం.

నేల మీద తిరగని విమానం

మిగ్ గురించి మరో మాట చెప్పకపోతే అన్యాయం. చాలామంది దీన్ని కర్ర దోషం అనుకుంటారు. ఇంజను వేసి, రడ్డర్ తిప్పితే విమానం నేల మీద పక్కకు తిరగదు! ఎందుకంటే మిగ్-21 ముందు చక్రానికి స్టీరింగు లేదు. అది కుర్చీ చక్రంలా తన ఇష్టం వచ్చినట్టు తిరిగేది. అసలు విమానంలో కర్రకు సైకిలు బ్రేకు లాంటి మీట ఉంటుంది. దాన్ని నొక్కుతూ రడ్డర్ ఒక పక్కకు తొక్కితే, గాలి ఒత్తిడితో ఆ పక్క చక్రానికే బ్రేకు పడి విమానం తిరుగుతుంది. ఆటలోనూ అంతే. 'వీల్ బ్రేక్'ను చూపుడువేలికి అందే మీటకు తగిలించుకుని, రడ్డరుతో కలిపి వాడాలి. మావాడు దాన్ని కీబోర్డులో ఎక్కడో వదిలేశాడు.

వేరే విమానాలకు పెడళ్ళు కొన్నవారికి ఇంకో చిక్కు వస్తుంది. ఇంజను గర్జిస్తుంది, విమానం కదలదు. పెడల్ బ్రేకుల గీత తలకిందులుగా ఉండి, పాదం తీసేసినా బ్రేకు పట్టే ఉంటుంది. ఆ రెండు గీతలకూ ఇన్వర్ట్ పెడితే వదులుతుంది.

ట్రిమ్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ముక్కు ఎప్పుడూ లేస్తూనో దిగుతూనో ఉంటే కర్ర పట్టుకుని కూర్చోనక్కర లేకుండా సర్దే మీట అది. కర్ర నెత్తిన ఉండే చిన్న టోపీ మీటకు తగిలించుకోవాలి. అసలు మిగ్‌లో ట్రిమ్ నొక్కితే కర్ర కొత్త చోట నిలబడుతుంది. మన కర్రకు స్ప్రింగు ఉంది కనుక ఎప్పుడూ నడిమికే వస్తుంది. కాబట్టి కావలసిన చోట కర్ర పట్టుకుని, ట్రిమ్ ఒక్కో నొక్కు నొక్కుతూ, ఆ మేరకు చేయి సడలిస్తూ రావాలి. మొదట్లో తికమకే. రెండు రోజుల్లో వేలికి వచ్చేస్తుంది.

ప్రయాణికుల జెట్ నడిపేవారికి

యుద్ధ విమానాల జోలికి పోకుండా శంషాబాదులో దిగే ఎయిర్‌బస్ 320 వంటివి నడపాలనుకునేవారు మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ వాడుతుంటారు. అక్కడ చిక్కంతా థ్రాటిల్ దగ్గరే. ఎయిర్‌బస్ లివరుకు మెట్లుంటాయి. అడుగున రివర్స్, పైన ఐడిల్, క్లైంబ్, ఫ్లెక్స్, అన్నిటికన్నా పైన టోగా. పైకి లేచాక లివరును క్లైంబ్ మెట్టులో పెడితే దిగేదాకా దాదాపు ముట్టుకోరు. జోరు సంగతి కంప్యూటరే చూసుకుంటుంది. బోయింగ్‌లో లివర్లు వాటంతట అవే కదులుతాయి, ఎయిర్‌బస్‌లో కదలవు. ఇది తెలియక లివరు పాడైందనుకునేవారున్నారు. ఫ్లైబైవైర్ బృందం ఉచితంగా ఇచ్చే 320లో, లోపలి ట్యాబ్లెట్ తెరిచి ఒక్కో మెట్టు దగ్గరా లివరు ఆపి గుర్తు పెట్టించాలి. అది చేయకపోతే క్లైంబ్ అనుకున్నది క్లైంబ్ కాదు, విమానం ఎక్కదు. ఎడమ సీటు కెప్టెను కర్రను ఎడమచేత్తో పట్టుకుంటాడు. కుడిచేతికే అమరేట్టు మలిచిన పిడులు అక్కడ పనికిరావు. రెండు చేతులకూ సరిపోయే కర్ర కొనాలి, లేకపోతే కుడి సీటులో కూర్చోవాలి.

ఇంత కష్టపడి సర్దిన అమరిక ఒక్క అప్‌డేటుతో చెదిరిపోవచ్చు. డీసీఎస్‌లో సేవ్డ్ గేమ్స్ ఫోల్డరు తెరిచి, డీసీఎస్, కాన్ఫిగ్, ఇన్‌పుట్ దాకా వెళ్ళి ఆ ఫోల్డరు నకలు తీసి దాచుకోండి. మేము ఫోనుతో పట్టికలను ఫోటోలు కూడా తీశాం.

హార్మోనియం పెట్టెలోంచి

ఇదంతా పిల్లల ఆట అనుకునేవారికి చిన్న కథ. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే యువకుడు తన తండ్రి ఆర్గన్ ఫ్యాక్టరీలోని తిత్తులూ గాలి గొట్టాలూ వాడి, నేల మీదే ఊగే విమానం పెట్టె తయారుచేశాడు. మన హార్మోనియం తిత్తి లాంటివే అవి. కొనేవారు లేక వినోదశాలల్లో పెట్టుకోమని అమ్ముకున్నాడు. 1934లో అక్కడి ప్రభుత్వం టపా మోసే పని సైనిక విమానాలకు అప్పగించింది. మబ్బుల్లో పరికరాలు చూసి నడపడం రాక పైలట్లు వరుసగా చనిపోయారు. అప్పుడు సైన్యం ఆ పెట్టెలు ఆరు కొంది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి అవి లేని శిక్షణ లేదు.

మళ్ళీ మా ఇంటి సంగతికి. అమరిక అయ్యాక మావాడు మిగ్‌ను ఎక్కించాడు. తిన్నగా లేచింది. రన్‌వే వైపు తిరిగి, గంటకు 300 కిలోమీటర్లు దాటిన వేగంతో దిగబోయేసరికి మళ్ళీ కొంచెం ఎడమకు జరిగింది. వాడి ముఖం వాడిపోయింది. పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని, "ఆ మిషనులో గాలి ఎటు పెట్టారో చూశావా?" అన్నారు. చూశాం. కుడి నుంచి ఎదురుగాలి పెట్టి ఉంది. ఆట తయారుచేసినవాళ్ళే పెట్టారు.

"అయితే గాలి సంగతి నేను చూసుకుంటాను, తాతగారూ" అన్నాడు మావాడు. నాలుగో ప్రయత్నంలో చక్రాలు మూడూ నేల మీద నిలిచాయి.

వెనక నిలబడి ఇదంతా చూస్తున్న మా బావగారు "ఏదీ, లే" అని కుర్రవాణ్ణి లేపి కూర్చున్నారు. స్కెచ్ పెన్ను గీత దాటించి నిప్పు వెలిగించారు. విమానం రన్‌వే చివరిదాకా పోయి, లేవకుండా ముళ్ళకంచెలోకి దూసుకుపోయింది. "మళ్ళీ మొదటినుంచి పెట్టరా" అన్నారు. అప్పటికి రాత్రి పదకొండు దాటింది. పొద్దున కొట్టు పది గంటలకు తీశారట.